అడ్రినల్ గడ్డ ఆపరేషన్‌కు ముందు బీపీని దారికి తెచ్చుకున్న 19 రోజులు

మా ఆయన కుడి కిడ్నీ పైనున్న అడ్రినల్ గ్రంథిలో 4.8 సెంటీమీటర్ల గడ్డ ఉందని స్కాన్‌లో తేలిన రోజు, డాక్టరుగారిని నేను అడిగిన మొదటి మాట "ఆపరేషన్ రేపా, ఎల్లుండా సార్?" అని. "ఈ బీపీతో ఆపరేషన్ బల్ల ఎక్కిస్తే ప్రాణానికే ముప్పమ్మా. ముందు మందులతో శరీరాన్ని సిద్ధం చెయ్యాలి. ఒకటి రెండు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఎక్కువే కావచ్చు" అన్నారాయన. మాకు 19 రోజులు పట్టింది.

ఆ 19 రోజుల్లో ఆసుపత్రిలో ఉన్నది చివరి రెండు రోజులే. మిగతా 17 రోజులూ చిత్తూరులో మా ఇంట్లోనే గడిచాయి. మందు రాసేది డాక్టరే. కానీ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి బీపీ చూసేది, నీళ్లు తాగించేది, లేచేటప్పుడు పట్టుకునేది, అనుమానమొస్తే ఫోన్ చేసేది ఇంట్లోవాళ్లు. ఆ పని ఎలా చెయ్యాలో ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు సగం భయం తగ్గేది. అందుకే రాస్తున్నాను. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని, డాక్టర్ని కాదు. ఇందులో మా ఆయనకిచ్చిన మోతాదులు వస్తాయి. అవి ఆయన బరువు, ఆయన గుండె, ఆయన రిపోర్టులు చూసి రాసినవి. మందులు ఏ వరసలో వస్తాయో తెలియడానికే చెబుతున్నాను, మీరు వాడడానికి కాదు.

ఈ గడ్డ చేసే పని

అడ్రినల్ గ్రంథులు రెండు. ఒక్కో కిడ్నీ మీద ఒక్కోటి టోపీలాగా కూర్చుని ఉంటాయి. గ్రంథి లోపలి భాగంలో అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ తయారవుతాయి. కుక్క వెంటపడినప్పుడు గుండె దడదడలాడి, ఒళ్లు చెమటలు పట్టేది వీటివల్లే. ఆ భాగంలో పుట్టే గడ్డను ఫియోక్రోమోసైటోమా అంటారు. కుక్కా లేదు, భయమూ లేదు, అయినా గడ్డ తనంతట తాను ఆ హార్మోన్లను రక్తంలోకి వదులుతూ ఉంటుంది.

మా ఆయనకు ట్రాక్టర్ల మెకానిక్ షెడ్డు ఉంది. మూడేళ్లుగా బీపీ మాత్రలు మింగుతున్నా, ఇంజను మీదికి వంగి పొట్ట ఆనించి పని చేస్తున్నప్పుడు ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, గుండెదడ, చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట వచ్చేవి. మొహం తెల్లగా పాలిపోయేది. పావుగంటలో అంతా సర్దుకునేది. ఆ పావుగంటలో చూస్తే బీపీ 210/120, తర్వాత చూస్తే 130/80. అందుకే చాలామంది "టెన్షన్ ఎక్కువ పెట్టుకుంటావు నువ్వు" అని తేల్చేశారు. తలనొప్పి, చెమట, గుండెదడ, ఈ మూడూ కలిసి విడతలు విడతలుగా వస్తుంటే దాన్ని టెన్షన్ అని వదిలెయ్యకండి. రక్తంలోనో, 24 గంటల మూత్రంలోనో మెటానెఫ్రిన్ల (ఆ హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థాల) పరీక్ష ఉంటుంది, దాంతో బయటపడుతుంది. రక్తమైతే అరగంట వెల్లకిలా పడుకోబెట్టి ఆ తర్వాత తీస్తే లెక్క సరిగ్గా వస్తుంది. హడావుడిగా కుర్చీలో కూర్చోబెట్టి తీస్తే లేనిది కూడా ఉన్నట్టు చూపించవచ్చు.

ఇక్కడ ఒక్క సంగతి అర్థమైతే ఆ తర్వాత మందులన్నీ అర్థమవుతాయి. ఈ హార్మోన్లు రక్తనాళాలను బిగబట్టి ఉంచుతాయి. నెలలు, ఏళ్లు అలా బిగిసి ఉండేసరికి లోపల తిరిగే రక్తంలో నీటి భాగం తగ్గిపోతుంది. బీపీ పైకి ఎక్కువగా కనిపిస్తుంది గానీ లోపల సరుకు తక్కువ. డాక్టరుగారు ఇది చెబుతుంటే మా ఆయన మధ్యలోనే అందుకున్నాడు: "అంటే సార్, ఆయిలు తక్కువుండాది, పైపు నొక్కి ప్రెషరు చూపిస్తా ఉండాది." డాక్టరుగారు కాగితం మీద గీస్తున్న బొమ్మ ఆపేసి "అంతే, ఇంతకంటే నేను బాగా చెప్పలేను" అన్నారు.

ఇప్పుడు ఆపరేషన్ ఆలోచించండి. గడ్డను చేత్తో కదిపితే హార్మోన్ ఒక్కసారిగా కుమ్మరించుకుని బీపీ ఆకాశానికి పోతుంది. గడ్డకు వచ్చే రక్తనాళాన్ని కట్టేసిన మరుక్షణం హార్మోన్ ఆగిపోయి, బిగిసిన నాళాలు వదులై, లోపల రక్తం చాలక బీపీ పాతాళానికి పడుతుంది. రెండూ ప్రాణాంతకమే. ముందుగా మందుతో నాళాలను వదులు చేసి, వదులైన చోటును ఉప్పుతో, నీళ్లతో నింపుకుంటే ఆ రెండు దెబ్బలనూ తట్టుకోవచ్చు. మనం చేసే తయారీ అంతా ఇదే.

ఆల్ఫా ముందు, బీటా తర్వాత

ఈ వరస తప్పకూడదు. ఆల్ఫా బ్లాకర్ అనే రకం మందు నాళాల బిగింపును వదులు చేస్తుంది. బీటా బ్లాకర్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది. రెండూ కావలసి రావచ్చు. కానీ ఆల్ఫా మొదలుపెట్టి కనీసం మూడు నాలుగు రోజులైనా గడవకుండా బీటా ముట్టుకోకూడదు.

ఇది మాకు దెబ్బ తగిలి తెలిసింది. గడ్డ సంగతి తెలియని రోజుల్లో, గుండెదడ అని ఒక క్లినిక్‌కు వెళితే బీటా బ్లాకర్ ఒక్కటే రాశారు. ఆ రాత్రి ఆయన బీపీ 230/130. తలపట్టుకుని నేల మీద దొర్లాడు. హార్మోన్ వచ్చి తగులుకునే చోట్లను గ్రాహకాలంటారు. నాళాలను కాస్తో కూస్తో వదులుగా ఉంచే పని కూడా కొన్ని బీటా గ్రాహకాలదే. వాటిని మూసేస్తే, నాళాలను బిగబట్టే ఆల్ఫా గ్రాహకాల పనికి అడ్డుండదు. ఆ సంగతి తర్వాత తెలిసింది. ఇది రెండు పనులూ చేసే లాబెటలాల్ లాంటి మందులకూ వర్తిస్తుంది. వాటిలో బీటా పాలు చాలా ఎక్కువ కాబట్టి మొదటి మందుగా వాడరు. మీ ఇంట్లో పాత చీటీలు ఉంటే, వాటిలో ఉన్న ప్రతి మాత్రనూ తీసుకెళ్లి హార్మోన్ల డాక్టరు ముందు పెట్టండి. మావారి పాత బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కలిసి ఉండేది. పేరు చివర హెచ్ ఉండే మాత్రల్లో సాధారణంగా అదే ఉంటుంది. ఉన్న నీరే తక్కువ, దాన్నీ బయటికి పంపితే ఎలా? మొదటిరోజే దాన్ని ఆపించారు.

మరో హెచ్చరిక. అడ్రినల్ గడ్డలన్నీ ఒకటి కాదు. ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్ వదిలే గడ్డ ఇంకొకటి ఉంది. అక్కడ స్పైరనోలాక్టోన్ లాంటి మాత్ర, పొటాషియం ఇస్తారు, ఉప్పు తగ్గించమంటారు. మాకేమో ఉప్పు పెంచమన్నారు. పక్కింటివాళ్ల 'అడ్రినల్ గడ్డ' పథ్యం మీకు నూటికి నూరు పాళ్లు తలకిందులు కావచ్చు. మీది ఏ రకమో పేరుతో సహా రాయించుకోండి. ఇంకోటి, మెటానెఫ్రిన్ పరీక్ష చేయించకముందే ఆ గడ్డలోకి సూది పెట్టి ముక్క తీస్తామంటే ఒప్పుకోకండి. ఆ సూదితోనే బీపీ అదుపు తప్పవచ్చు.

బీపీ చూడడం, రాయడం

మణికట్టుకు కట్టే మెషిన్ వద్దు. దండచేతికి కట్టేది కొనండి, పట్టీ చేతి లావుకు సరిపోవాలి. మా ఆయన చేతులు లావు. మెషిన్‌తో వచ్చిన పట్టీ బిగుతై పది పాయింట్లు ఎక్కువ చూపించింది. పెద్ద పట్టీ విడిగా తెప్పించుకున్నాం. మొదటిరోజు మెషిన్‌ను ఆసుపత్రికే తీసుకెళ్లి అక్కడి మెషిన్‌తో పోల్చి చూసుకున్నాను.

చూసే పద్ధతి ఇదీ. ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. ఒకసారి చూసి, నిమిషం ఆగి ఇంకోసారి చూడాలి. ఆ తర్వాత నిలబెట్టి, ఒక నిమిషం అయ్యాక ఒకసారి, మూడు నిమిషాలయ్యాక ఇంకోసారి చూడాలి. నిలబడి చూసేటప్పుడు చెయ్యి కిందికి వేలాడదీయకూడదు, మీరే మోచేతి కింద పట్టుకుని గుండె ఎత్తుకు లేపండి.

ఈ నిలబడి చూడడమే చాలామంది వదిలేస్తారు. మామూలు బీపీకి అది అంతగా అవసరం ఉండదు. ఇక్కడ సగం సమాచారం అందులోనే ఉంది. మాకు నాలుగో రోజు కూర్చుంటే 148/92, నిలబడితే 104/70. కూర్చున్న అంకె ఒక్కటే చూసి ఉంటే మందు చాలలేదనుకునేవాళ్లం. నిలబడ్డ అంకె చూసి డాక్టరుగారు "మందు పెంచడం రెండు రోజులు ఆపుదాం, ముందు నీళ్లు పెంచండి" అన్నారు.

నేను 200 పేజీల రూళ్ల నోటుబుక్కులో గళ్లు గీశాను: టైము, కూర్చుంటే, నిలబడితే, నాడి, వేసుకున్న మాత్ర, తాగిన నీళ్లు, పొద్దున బరువు, విరేచనం అయిందా లేదా. చివరి గడిలో 'వచ్చింది' లేదా 'రాలేదు' అని. అంటే ఆ తలనొప్పి-చెమట విడత. వస్తే ఎన్ని నిమిషాలు, అప్పుడేం చేస్తున్నాడు అని కూడా. రోజుకు నాలుగుసార్లు: నిద్ర లేచాక మాత్రకు ముందు, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు. రెండు రోజులకోసారి ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేదాన్ని. ఆసుపత్రిలో అందరికీ అలా కుదరదు. ఎవరికి, ఏ నంబరుకు, ఎన్ని రోజులకోసారి చెప్పాలో మాత్రం మొదటిరోజే అడిగి రాసుకోండి.

మాత్రలు

ఆల్ఫా బ్లాకర్లలో ఫెనాక్సీబెంజమైన్ పాతది, గట్టిది. మామూలుగా 10 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లతో మొదలుపెట్టి రెండు మూడు రోజులకోసారి పెంచుతారు. అన్ని మెడికల్ షాపుల్లో దొరకదు. దాని ప్రభావం చాలాసేపు ఉంటుంది కాబట్టి ఆపరేషన్ తర్వాత కూడా బీపీ తక్కువగా ఉండిపోవచ్చు. ప్రాజోసిన్, డాక్సాజోసిన్ ఇంకో రకం, ఇవి తొందరగా దిగిపోతాయి. మాకు మెల్లగా కరిగే ప్రాజోసిన్ మాత్ర రాశారు. రాత్రి పడుకునేముందు 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, మెట్లు మెట్లుగా పెంచి, చివరికి పొద్దున 5, రాత్రి 10 దాకా తీసుకెళ్లారు. ఆ మాత్రను విరవకూడదు, నమలకూడదు. దాని పెంకు మందు వదిలేసి అలాగే విరేచనంలో బయటికి రావచ్చు. అది చూసి మా ఆయన "మాత్ర అరగలేదే, ఇంకొకటి వేసుకుందామా?" అన్నాడు. వేసుకోకూడదు. లోపలి మందు ఒంట్లోకి చేరిపోయి ఉంటుంది.

మొదటి మోతాదు రాత్రే ఎందుకంటే, మొదటిసారి వేసుకున్నప్పుడు నిలబడితే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. పడుకుని ఉంటే ఆ గండం గడిచిపోతుంది. ఇది తెలిసి కూడా నేను ఒక తప్పు చేశాను. రెండో రాత్రి రెండు గంటలప్పుడు ఆయన బాత్‌రూమ్‌కు లేచాడు, నన్ను లేపలేదు. తలుపు దగ్గర గోడ పట్టుకుని జారి కూర్చున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. అదృష్టం, తల తగల్లేదు. అప్పుడు బీపీ 82/50. పడుకోబెట్టి కాళ్ల కింద రెండు దిండ్లు పెడితే పది నిమిషాల్లో తేరుకున్నాడు. ఆ రోజు నుంచి మంచం పక్కన ప్లాస్టిక్ మూత్రపు డబ్బా, చిన్న లైటు పెట్టాం. లేవాలంటే ముందు పక్కకు తిరగాలి, మంచం అంచున కాళ్లు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోవాలి, పిక్కలు ఆడించాలి, ఆ తర్వాతే నిలబడాలి. మగవాళ్లు ఈ రోజుల్లో కూర్చునే మూత్రం పోసుకోవడం మంచిది. సలసల కాగే నీళ్లతో స్నానం వద్దు, నాళాలు ఇంకా వదులవుతాయి. మందు ఎప్పుడెప్పుడు పెరిగితే అప్పుడప్పుడు మళ్లీ మొదటి రాత్రి అనుకుని జాగ్రత్తపడండి.

మందు పని చేస్తోందనడానికి గుర్తులు అంకెల్లోనే కాదు, ఒంట్లోనూ ఉంటాయి. ఆయన చేతులు ఎప్పుడూ మంచుముక్కల్లా ఉండేవి, వారం తిరిగేసరికి వెచ్చబడ్డాయి. ముక్కు దిబ్బడ వేసింది. విడతలు రోజుకు రెండు మూడు వచ్చేవి తగ్గి, పదకొండో రోజు తర్వాత రాలేదు. ముక్కు దిబ్బడ దగ్గరే అసలు ప్రమాదం కాచుకుని ఉంది. జలుబు అనుకుని మెడికల్ షాపులో జలుబు మాత్ర తెచ్చుకుంటారు. అలాంటి చాలా మాత్రల్లో ఫినైలెఫ్రిన్ లేదా సూడోఎఫిడ్రిన్ ఉంటుంది. అవి నాళాలను బిగబట్టే మందులే. ఇన్ని రోజుల కష్టం ఒక్క మాత్రతో పోతుంది, బీపీ చెలరేగుతుంది. ముక్కు తెరిపించే చుక్కల్లో ఉండే ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ కూడా వద్దు. ఒట్టి సెలైన్ చుక్కలు వాడాం.

తొమ్మిదో రోజుకు బీపీ దిగింది గానీ నాడి 108 దగ్గరే ఆగింది. నాళాలు వదులైతే గుండె వేగం పెరగడం మామూలే. అప్పుడు మెటోప్రొలాల్ అనే బీటా బ్లాకర్ 25 మిల్లీగ్రాములు కలిపారు. మూడేళ్ల క్రితం ఆయన్ను నేల మీద దొర్లించిన రకం మందే, ఈసారి వరస సరిగ్గా ఉంది కాబట్టి ఏ ఇబ్బందీ లేకుండా నాడిని 70లకు తెచ్చింది. పన్నెండో రోజు అమ్లోడిపిన్ అనే మామూలు బీపీ మాత్ర 5 మిల్లీగ్రాములు కూడా చేరింది.

ఉప్పు, నీళ్లు

మా అత్త ఉప్పు డబ్బా దాచేసింది. నిజంగానే దాచేసింది. "బీపీ వుండే బిడ్డకి ఉప్పు ఎయ్యమంటా వుండారా? ఆ డాక్టరుకు ఏమన్నా తెలుసా?" అని నా మీదకు లేచింది. ఆమెది తప్పు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాములకంటే తక్కువ ఉప్పు తినాలని చెబుతుంది, మేమూ ఇన్నేళ్లు ఆయనకు చప్పిడి కూరలే పెట్టాం. కానీ ఆల్ఫా మందు మొదలైన రెండు మూడు రోజుల తర్వాత మాకు రోజంతా కలిపి దానికి రెండింతలకు పైగా, సుమారు 12 గ్రాములు, చెప్పారు. నిండుగా కాకుండా సమంగా కొలిస్తే రెండు టీ చెంచాలకు కాస్త ఎక్కువ. మందు మొదలుపెట్టక ముందు ఇలా ఉప్పు పెంచకూడదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఈ మాట వర్తించదు, వాళ్లకు డాక్టరు వేరే లెక్క చెబుతారు. మా ఆయనకు ముందే గుండె ఎకో తీసి చూసి, ఆ తర్వాతే ఉప్పు పెంచమన్నారు.

అత్తకు నోటుబుక్కు చూపించాను. నాలుగో రోజు నిలబడితే 104, ఉప్పూ నీళ్లూ పెంచిన మూడు రోజులకు నిలబడితే 118, కూర్చున్న బీపీ మాత్రం పెరగలేదు. ఆమెకు అంకెలు రావు, కానీ కొడుకు గోడ పట్టుకోకుండా వాకిట్లోకి నడిచి రావడం చూసింది. మర్నాటినుంచి తానే రాగి సంగటిలోకి ఊరుబిండి రుబ్బి పెట్టింది, పూటపూటకీ చెంబెడు ఉప్పు మజ్జిగ ఇచ్చింది.

నీళ్లకు లీటరు సీసాలు మూడు పొద్దున్నే నింపి బల్ల మీద వరసగా పెట్టేదాన్ని. పడుకునేలోపు మూడూ ఖాళీ కావాలి. మజ్జిగ, రసం కూడా లెక్కలోకే. అది జులై నెల, చిత్తూరు ఎండలు పూర్తిగా తగ్గలేదు, షెడ్డు రేకుల కింద కూర్చుంటే తాగిందంతా చెమటగా పోతుంది. అందుకే షెడ్డుకు వెళ్లనివ్వలేదు. రెండు వారాల్లో బరువు కిలోన్నర పెరిగింది. లావెక్కడం కాదది, ఒంట్లో తగ్గిన నీరు నిండింది. ఇంకో గుర్తు రక్త పరీక్షలో ఉంది. పీసీవీ అనే అంకె 49 నుంచి 43కు దిగింది. రక్తం చిక్కదనం తగ్గి పలచబడిందని అర్థం. కాళ్లకు వాపు, పడుకుంటే ఆయాసం వస్తే మాత్రం ఉప్పు, నీళ్లు ఆపి వెంటనే చెప్పాలి.

నోటుబుక్కు అట్ట మీద ఎర్ర సిరాతో రాసినవి

జలుబు మాత్రల సంగతి చెప్పాను. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ మాత్ర గానీ ఇంజెక్షన్ గానీ వద్దు. జ్వరమైనా, నొప్పైనా ఊళ్లో కొందరు ఆర్‌ఎంపీలు వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వద్దు. డిప్రెషన్‌కు వాడే కొన్ని మాత్రలు కూడా గడ్డను రెచ్చగొడతాయి, అవి వాడుతుంటే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. ఎవరైనా ఇంజెక్షన్ తీస్తే ముందు అట్ట చూపించడమే. పన్నెండో రోజు రాత్రి వాంతులైతే దగ్గర్లోని నర్సింగ్ హోంకు పోయాం. అక్కడ సూదిలోకి ఎక్కించబోతున్నది మెటోక్లోప్రమైడే. అట్ట చూపించగానే ఆపి, వేరే మందు ఇచ్చి, సెలైన్ పెట్టారు. అందుకే చెబుతున్నాను, ఫోన్‌లో ఉంటే చాలదు, కాగితం మీద రాసి జేబులో ఉండాలి.

గడ్డ మీద ఒత్తిడి పడకూడదు. వంగి బరువులు ఎత్తడం, బోర్లా పడుకోవడం, ముక్కి విరేచనానికి కూర్చోవడం అన్నీ విడతను తెప్పిస్తాయి. ఈ జబ్బులో మలబద్ధకం కూడా ఎక్కువే. అందుకే నోటుబుక్కులో ఆ గడి. రెండు రోజులు దాటితే విరేచనం మందు అడిగి తెచ్చుకున్నాం.

తిరుపతి వాళ్లకు, చిత్తూరు వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఆపరేషన్ అనగానే మనవాళ్లు కొండ మొక్కుకుంటారు. మా ఆయన అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కి, అంగప్రదక్షిణం చేసి, ఆ తర్వాతే ఆసుపత్రిలో చేరతానని పట్టుబట్టాడు. మెట్లెక్కితే గుండె మీద భారం. అంగప్రదక్షిణం అంటే తడిబట్టలతో బోర్లా వెల్లకిలా దొర్లడం, అంటే గడ్డ మీద పొట్ట బరువంతా పడడం. క్యూలో గంటలు నిలబడితే ఆల్ఫా మందు మీద ఉన్న మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు. "స్వామి ఎక్కడికీ పోడు, మొక్కు తీర్చుకోవడానికి నువ్వుండాలి కదా" అని అత్తే సర్దిచెప్పింది. ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టాం. మీ ఇంట్లోనూ ఈ పట్టుదల వస్తుంది. వాదించకండి, వాయిదా వేయించండి.

వెంటనే ఆసుపత్రికి

బీపీ 180/120 దాటి, దానితోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడడం, కాలూ చెయ్యీ చచ్చుబడడం, వీటిలో ఏదున్నా 108కి ఫోన్ చెయ్యండి. ఇంట్లో ఇంకో మాత్ర వేసి చూద్దాం అనుకోవద్దు. నిలబడితే పై బీపీ 90 కంటే తగ్గి కళ్లు తిరిగితే పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టి, తర్వాతి మోతాదు వెయ్యాలా వద్దా అని డాక్టరును అడగండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అదే రోజు చెప్పాలి, నీళ్లు పోయిన ఒంట్లో ఆల్ఫా మందు చాలా ఎక్కువ పని చేస్తుంది.

ఎక్కడ చూపించాలని చాలామంది అడుగుతున్నారు. తిరుపతి స్విమ్స్‌ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ల విభాగం ఉంది. చిత్తూరు వాళ్లకు వేలూరు దగ్గరే, అక్కడి సీఎంసీలో ఎండోక్రైన్ సర్జరీకి ప్రత్యేక విభాగం ఉంది. ఎక్కడైనా సరే, హార్మోన్ల డాక్టరు, సర్జన్, మత్తు డాక్టరు ముగ్గురూ ఈ రకం గడ్డలు చూసి ఉండాలి. అది మొహమాటం లేకుండా అడగండి. ఆరోగ్యశ్రీ (2024 నుంచి దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఉన్నవాళ్లు చేరకముందే ఆసుపత్రిలో ఆ పథకం సహాయకుల దగ్గరికి వెళ్లి కాగితాలు చూపించుకోండి.

సిద్ధమైనట్టు ఎలా తెలిసింది

మాకు పెట్టిన గుర్తులు ఇవి. కూర్చుంటే 130/80 లోపు, నిలబడితే పై బీపీ 90 పైన. నాడి కూర్చుంటే 60 నుంచి 70, నిలబడితే 70 నుంచి 80. ఆసుపత్రిలో చేరాక ఆపరేషన్‌కు ముందు 24 గంటల్లో ఒక్కసారి కూడా 160/90 దాటకూడదు. ఈసీజీలో కొత్త మార్పులుండకూడదు. అందరికీ ఇవే అంకెలు పెట్టరు, పెద్ద వయసువాళ్లకు, గుండె జబ్బున్నవాళ్లకు కొంచెం మారుస్తారు. పదిహేడో రోజు మాకు కూర్చుంటే 124/78, నిలబడితే 108/72, నాడి 68. అదే రోజు తిరుపతిలో చేర్చుకున్నారు. ఆపరేషన్ ముందు రాత్రి రెండు సీసాల సెలైన్ ఎక్కించారు.

ఆ ముందు రోజు మత్తు డాక్టరును నేను అడిగి రాయించుకున్నది ఒక్కటే: రేపు పొద్దున ఏ మాత్రలు వెయ్యాలి, ఏవి ఆపాలి, ఎన్ని గంటలకు. రాత్రి నర్సు ఒకటి చెబుతుంది, పొద్దున ఇంకొకరు ఇంకొకటి చెబుతారు. కాగితం మీద ఉంటే గొడవ లేదు.

ఆపరేషన్ నాలుగు చిన్న కోతలతో, కెమెరా పద్ధతిలో అయింది. గడ్డ కదిపినప్పుడు ఒకసారి పై బీపీ 190 పోయి మందులతో దిగిందని, గడ్డ తీశాక 88కి పడితే సెలైన్, మందు ఇచ్చి లేపామని సర్జన్ చెప్పారు. రెండూ వాళ్లు ముందే ఊహించినవే. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు బీపీతోపాటు షుగరు కూడా చూస్తారు. ఇన్నాళ్లూ హార్మోన్ వల్ల అణిగి ఉన్న ఇన్సులిన్ ఒక్కసారిగా పెరిగి షుగరు పడిపోవచ్చు. మా ఆయనకు సాయంత్రం 62కు పడింది, గ్లూకోజ్ ఎక్కించారు. చెమట, వణుకు, మగతగా ఉంటే మత్తు దిగుతోందిలే అనుకోకుండా నర్సును పిలవండి.

ఇంటికి వచ్చాక ఆల్ఫా, బీటా మాత్రలన్నీ ఆపించారు. అమ్లోడిపిన్ ఒక్కటే మూడు నెలలు నడిచింది, ఎందుకంటే ఏళ్ల తరబడి బీపీ చూసిన నాళాలు ఒక్క రోజులో మారవు. ఉప్పు మళ్లీ తగ్గించాం. అత్త ఈసారి డబ్బా దాచలేదు గానీ కొలత చెంచా తన దగ్గరే పెట్టుకుంది.

నెల రోజుల తర్వాత మెటానెఫ్రిన్ పరీక్ష మళ్లీ చేయించాం, మామూలుగా వచ్చింది. ఇది ఏడాదికోసారి జీవితాంతం చేయించాలి, గడ్డ మళ్లీ రావచ్చు, వేరేచోటా రావచ్చు. ఇంకో పని మిగిలి ఉంది. ఈ గడ్డ వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి అది వంశంలో వచ్చే జన్యువు వల్ల వస్తుంది. మా ఆయన రక్తం జన్యు పరీక్షకు పంపించాం. ఫలితం వచ్చేలోపే కుప్పంలో ఉన్న మా మరిదికి, మదనపల్లెలో ఉన్న మా ఆడపడుచుకు ఫోన్ చేసి, "తలనొప్పి, చెమట, గుండెదడ కలిసి వస్తా ఉన్నాయా?" అని అడిగాను. మరిది లేదన్నాడు. ఆడపడుచు కాసేపు మాట్లాడలేదు. వచ్చే సోమవారం ఆమెను తీసుకెళ్తున్నాను, కొత్త నోటుబుక్కు కొన్నాను.